ఆయన గేసే అంటాడు, మరి మీరేం చూశారు?

(శ్రీకాకుళం జిల్లా ఆమదాలవలస దగ్గర ఒక ఊళ్ళో జరిగిన పొదుపు సంఘాల సమావేశంలో, ప్రభుత్వ ఆసుపత్రుల్లో పనిచేసి రిటైరైన ఒక డాక్టరమ్మ మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డు విని టైపు చేశాం.)

అందరికీ నమస్కారం. వెనకున్నవాళ్ళకి వినబడుతోందామ్మా? మైకు కాస్త దగ్గరగా పెట్టు బాబూ. ఆఁ, ఇప్పుడు బాగుంది. అరుగు మీద కూర్చున్న మావయ్యగార్లు కూడా లోపలికి రండి. మిమ్మల్ని తిట్టడానికి రాలేదు నేను. సగం మాటలు మీకే.

సంఘం లీడరుగారు ఫోన్ చేసినప్పుడు దేని గురించి మాట్లాడాలమ్మా అని అడిగాను. బీపీ అంటారేమో, షుగరు అంటారేమో అనుకున్నాను. ఆవిడ ఏమన్నారంటే, "కడుపు బాగులేదని మాకు తెలుస్తోంది డాక్టరమ్మా, ఆసుపత్రికి రమ్మంటే మాత్రం మా ఆయనలు రారు. ఎలా తీసుకెళ్ళాలో అది చెప్పండి" అన్నారు. జబ్బు గురించి చెప్పమనేవాళ్ళు చాలామంది ఉంటారు. మనిషిని ఇంట్లోంచి ఎలా బయల్దేరదీయాలో చెప్పమని నన్ను పిలిచినవాళ్ళు లేరు. అందుకే వచ్చాను.

మనకి అన్నీ గేసే కదా. గుండెల్లో మండితే గేసు. నడుం పట్టేస్తే గేసు. తల తిరిగితే గేసు పైకి తన్నింది. ఏమప్పా, నవ్వుతున్నారు, నిజమా కాదా? "ఏటయింది, అన్నం వదిలేశావు?" అని ఆవిడ అడుగుతుంది. "ఏటీ నేదు, గేసు" అంటాడు ఈయన. అక్కడితో మాట అయిపోయింది. మెడికల్ షాపులో ఒక మాత్రల షీటు, పక్క కొట్లో ఒక సోడా.

ఒక విషయం ముందే చెప్పేస్తాను, లేకపోతే ఇంటికెళ్ళి కంగారు పడతారు. చాలాసార్లు అది గేసే. రాత్రి పదింటికి పెళ్ళి భోజనం చేసి, వచ్చిన వెంటనే పడుకుంటే ఎవరికైనా పులితేన్పులు వస్తాయి. దానికి డాక్టరు అక్కర్లేదు. రాత్రి పెందలాడే తినాలి, తిన్నాక రెండు మూడు గంటలు నడుం వాల్చకూడదు, చుట్టా బీడీ మానాలి. తగ్గిపోతుంది. నేను మాట్లాడేది ఆ గేసు గురించి కాదు. నెల తిరిగినా పోని గేసు గురించి. నిరుడు లేని గేసు గురించి. మనిషినే మార్చేస్తున్న గేసు గురించి.

ఇప్పుడు ఓపీలో ఏం జరుగుతుందో చెబుతాను. ఎలాగో బతిమాలి తీసుకొచ్చారనుకోండి. చీటీ రాయించారు, లైన్లో నిలబడ్డారు. డాక్టరు ముందు ఇంకా బోలెడు మంది ఉన్నారు. "ఏమయ్యా, ఏంటి బాధ?" "గేసండి." "ఎన్నాళ్ళ నుంచి?" "మొన్నటి నుంచండి." "అన్నం తింటున్నావా?" "తింటున్నానండి." "విరేచనం అవుతోందా?" "అవుతోందండి." అయిపోయింది. గేసు మాత్ర రాసిచ్చారు. ఆవిడేమో తలుపు బయట సంచీ పట్టుకుని నిలబడి ఉంది. ఈయన బయటికొచ్చి అంటాడు, "సూసేవా, డాక్టరూ గేసే అన్నాడు."

డాక్టరెక్కడన్నాడు? ఆయనే అన్నాడు. డాక్టరు రాశాడంతే.

అదే ఆవిడ లోపలికి వచ్చి, "అది కాదండీ, సంక్రాంతికి చెన్నై నుంచి వచ్చిన దగ్గర్నుంచి చూస్తున్నాను, ముద్ద ముద్దకీ నీళ్ళు తాగి మింగుతున్నాడు" అని ఒక్క మాట అనుంటే? ఆ చీటీ మీద రాసేది వేరుగా ఉండేది. నేను చెప్పడానికి వచ్చిందల్లా ఇదేనమ్మా. రోగం పేరు మీరు చెప్పక్కర్లేదు, అది డాక్టరు చూసుకుంటాడు. మీరు చూసింది చెప్పండి. కడుపు లోపల చూడ్డానికి మిషన్లున్నాయి. ఆయన కంచంలో ఏం మిగులుతోందో చూసే మిషను లేదు. అది చూసేది మీరొక్కరే.

అందుకని ఏం చూడాలో చెబుతాను. మొదట కంచమే చూద్దాం. మింగుడు పడకపోవడం ఒక్కరోజులో రాదు. ముందు చపాతీ వద్దంటాడు. తర్వాత మాంసం ముక్కలు పక్కన పెడతాడు. అన్నం మెత్తగా వండమంటాడు, చారు ఎక్కువ పోసుకుని బాగా పిసుకుతాడు. ముద్ద పెట్టుకోవడం, గ్లాసెత్తడం, ముద్ద పెట్టుకోవడం, గ్లాసెత్తడం. పిల్లలు తిని లేచిపోయినా ఈయన ఇంకా కంచం ముందే ఉంటాడు. కొన్నాళ్ళకి అందరితో కూర్చోవడం మానేస్తాడు, "నాను తర్వాత తింటాను, మీరు కానివ్వండి" అంటాడు. ఇంకొన్నాళ్ళకి చోడి అంబలి, గంజి, అంతే. అడిగితే ఆకలి లేదంటాడు. ఆకలి లేకపోవడం వేరు, ఆకలి ఉండీ దిగకపోవడం వేరు. ముందు గట్టివి దిగవు, తర్వాత మెత్తవి దిగవు, తర్వాత నీళ్ళు కూడా అడ్డం పడతాయి. ఈ వరసలో వస్తోందంటే అన్నం దిగే గొట్టం సన్నబడుతోందని అర్థం. కేన్సరే అవనక్కర్లేదు. ఏళ్ళ తరబడి పులుపు పైకి తన్ని ఆ గొట్టం మచ్చ కట్టి బిగుసుకుపోవచ్చు, దాన్ని ఎండోస్కోపీతోనే, అంటే నోట్లోంచి కెమెరా ఉన్న సన్న గొట్టం వేసే, సాగదీస్తారు. ఏదైనా సరే, 30 ఏళ్ళవాడైనా 60 ఏళ్ళవాడైనా, మింగుడు పడటం లేదంటే మాత్రలతో సరిపెట్టకూడదు. ఆ కెమెరా గొట్టం వేసి చూడాల్సిందే.

ఆ తర్వాత బెల్టు. మన ఇళ్ళల్లో బరువు తూచే మిషనుండదు, బెల్టుంటుంది. చెన్నైకో హైదరాబాదుకో కూలికెళ్ళి, గుజరాత్‌లో వెరావల్ చేపల బోట్ల మీదకెళ్ళి, నెలల తర్వాత తిరిగొచ్చినవాడి బెల్టు చూడండి. కొన్నప్పుడున్న కన్నాలు కాకుండా మేకుతో పొడిచిన కన్నం ఒకటి ఉంటుంది, అంచులు చిరిగి, వంకరగా. పాత కన్నం దగ్గర బకిల్ ఒరుసుకున్న గీత అలాగే ఉంటుంది. ఆ గీతకీ ఈ కొత్త కన్నానికీ మధ్య ఎంతుందో అంత తగ్గాడన్నమాట. డాక్టర్ల లెక్కలో 60 కిలోల మనిషి, కావాలని తిండి తగ్గించకుండా, ఆరు నెలలు ఏడాది లోపల 3 కిలోలు తగ్గితే దాన్ని వదలకూడదు. ఈయన ఏమంటాడు? "అక్కడ తిండి బాగోదు, పని ఎక్కువ" అంటాడు. నిజమే కావచ్చు. అయితే ఇంటికొచ్చి నెల రోజులు మీ చేతి వంట తిన్నాక పెరగాలి కదా? పెరగలేదా? అప్పుడింక ఆ జవాబు చెల్లదు.

బరువు తగ్గగానే కేన్సర్ అని గుండెలు బాదుకోకండి. షుగరు కావచ్చు, థైరాయిడ్ కావచ్చు, పేగుల టీబీ కావచ్చు. టీబీ ఊపిరితిత్తులకే అనుకుంటాం, పేగులకీ వస్తుంది, మన దేశంలో అది అరుదేం కాదు. సాయంత్రమయ్యేసరికి జ్వరం, కడుపులో మెలిపెట్టడం, మనిషి చిక్కిపోవడం. నెలల తరబడి మందులు మానకుండా వాడితే నయమైపోతుంది, ఆ మందులు ప్రభుత్వమే ఊరికే ఇస్తుంది. అలాంటిదాన్ని గేసు పేరు పెట్టి ఇంట్లో దాచుకుంటే ఎలాగమ్మా?

ఇక మరుగుదొడ్డి. సిగ్గుపడకండి, ఇక్కడందరం మనుషులమే. దొడ్డి కడిగేది ఎవరు? మీరే. కాబట్టి మీకే ముందు తెలుస్తుంది. విరేచనం తారులా నల్లగా, జిగటగా ఉండి, చెంబుడు నీళ్ళు పోసినా బేసిన్ని వదలకుండా, మామూలుగా ఎప్పుడూ రాని వాసన వస్తే, కడుపులో పైన ఎక్కడో రక్తం కారుతోందని అర్థం. ఆ రక్తం అరిగి కిందకి వచ్చేసరికి నల్లబడుతుంది. చిన్న టీ గ్లాసుడు రక్తం కారినా చాలు, రంగు మారిపోతుంది. ఐరన్ మాత్రలు వేసుకున్నా నల్లగానే వస్తుంది కానీ, ఆ జిగురూ ఆ వాసనా ఉండవు. బీట్‌రూట్ తిన్న మర్నాడు ఎర్రగా వస్తుంది, దానికి భయపడి 108ని పిలవకండి.

ఎర్ర రక్తం పడితే మొలలంటారు. చాలామందికి మొలలే ఉంటాయి. కానీ మొలలని తేల్చిందెవరు? గోడ మీద రాసిన ఫోన్ నంబరువాడా? చూడకుండా, వేలు పెట్టి పరీక్ష చెయ్యకుండా, మొలలని ఏ డాక్టరూ చెప్పలేడు. 45, 50 దాటినవాళ్ళకి కొత్తగా రక్తం పడితే, అలవాటు మారిపోతే, అంటే ఎప్పుడూ పొద్దున్నే ఒకసారి వెళ్ళేవాడు నాలుగుసార్లు వెళ్తున్నా, వెళ్ళొచ్చాక కూడా ఇంకా ఉన్నట్టే అనిపిస్తున్నా, పెద్దపేగు చూడాలి. అక్కడ వేలు పెట్టనివ్వడం నామోషీ అనుకుంటారు మగవాళ్ళు. పురుడు పోసుకున్న మన ఆడవాళ్ళనడగండి నామోషీ సంగతి, చెబుతారు.

చొక్కా ఉతికేముందు జేబులు చూస్తారు కదా? డబ్బుల కోసం చూస్తారు, తెలుసు నాకు. ఖాళీ మాత్రల షీట్ల కోసం కూడా చూడండి. వాటిని పారెయ్యకుండా డాక్టరు దగ్గరికి పట్టుకెళ్ళండి. రెండు రకాలుంటాయి. ఒకటి నొప్పి మాత్రలు. తాపీ పనివాడు, బస్తాలు మోసేవాడు, జీడితోటల్లో పనిచేసేవాడు, సాయంత్రానికి ఒళ్ళు పచ్చిపుండు. నొప్పి నిజమే పాపం. కానీ డైక్లోఫినాక్, ఐబుప్రోఫెన్ లాంటివి రోజూ మింగితే కడుపు లోపలి పొర దెబ్బతిని పుండు పడుతుంది. పెద్ద వయసువాళ్ళకైతే ముందు నొప్పి కూడా తెలియకుండా ఒక్కసారే రక్తం కక్కుకోవడం దాకా వెళ్తుంది. అసలే మనది కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం ఉన్న జిల్లా. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు చుట్టాలు లేనివాళ్ళు ఈ హాల్లో ఉన్నారా? కిడ్నీ దెబ్బతిన్నవాళ్ళకి ఈ మాత్రలు మరీ చేటు.

రెండోది గేసు మాత్ర. ఒమెప్రజోల్, పాంటప్రజోల్. మంచి మందులే, నేనూ రాశాను. కాకపోతే పుండు మంటనీ అవే తగ్గిస్తాయి, కడుపులో కేన్సర్ మొదలైనప్పుడు వచ్చే మంటనీ అవే తగ్గిస్తాయి. తగ్గింది కదా అని ఆర్నెల్లు గడిచిపోతాయి. రెండు మూడు వారాలు వాడి మానేస్తే మళ్ళీ మొదలవుతోందంటే, ఇంకో షీటు కొనడం కాదు చెయ్యాల్సింది.

ఇంకో మాట. కడుపులో పుండు పడిందని తెలియగానే ముందు తిట్లు ఎవరికి? వండినావిడకి. "నీ కారం వల్లే" అంటాడు. 1980ల దాకా డాక్టర్లు కూడా ఇంచుమించు అలాగే అనేవారు, కారమూ టెన్షనూ అనేవారు. ఆస్ట్రేలియాలో బ్యారీ మార్షల్, రాబిన్ వారెన్ అని ఇద్దరు డాక్టర్లు కాదన్నారు. కడుపులో హెలికోబ్యాక్టర్ పైలోరి అనే బ్యాక్టీరియా ఉంటుంది, చాలావరకు పుండ్లకి అదే కారణం అన్నారు. ఎవరూ నమ్మకపోతే 1984లో మార్షల్ ఆ బ్యాక్టీరియాని తనే తాగేశాడు. కొద్ది రోజుల్లో వాంతులు, కడుపు లోపలంతా వాపు. 2005లో ఇద్దరికీ నోబెల్ బహుమతి ఇచ్చారు. మనకేంటి దాంతో అంటారా? రెండు వారాల మందుల కోర్సుతో ఆ బ్యాక్టీరియా పోతుంది, పుండు మానుతుంది. వదిలేస్తే ఏళ్ళ మీద కొంతమందికి కడుపు కేన్సర్‌కి దారి తీస్తుంది. కాబట్టి ఈసారి మీ ఆయన "నీ కారం వల్లే" అంటే, "బ్యాక్టీరియా ఉందేమో, చూపించుకుందాం రా" అనండి. కారం కొంచెం తగ్గించినా తప్పులేదనుకోండి, అది వేరే సంగతి.

కళ్ళు పచ్చబడితే పసరు పోయిస్తారు మన వైపు. ఎందుకు నమ్ముతారో నాకు తెలుసు. చాలామందికి తగ్గుతుంది. నీళ్ళ వల్ల, తిండి వల్ల వచ్చే వైరస్ కామెర్లు పసరు పోసినా పోయకపోయినా వారాల్లో వాటంతటవే తగ్గుతాయి, పేరు పసరుకొస్తుంది. కానీ నొప్పి లేకుండా కళ్ళు పచ్చబడి, ఒళ్ళంతా దురద పెట్టి, విరేచనం సున్నంలా తెల్లగా పోతోందంటే, పైత్యరసం వచ్చే దారి ఎక్కడో మూసుకుపోయింది. రాయి కావచ్చు, గడ్డ కావచ్చు. దానికి ఏ పసరూ పనిచెయ్యదు, రోజులు పోతాయంతే.

ఇక ఆయన ఒప్పుకున్నాడా లేదా అని చూడక్కర్లేనివి కొన్నున్నాయి. వీటికి బతిమాలడాలు లేవు, 108కి ఫోన్ చెయ్యడమే. రక్తం వాంతి, లేదా కాఫీ పొడి కలిపినట్టున్న వాంతి. నల్ల విరేచనంతో పాటు కళ్ళు తిరిగి పడిపోవడం. కడుపు బల్లలా బిగుసుకుపోయి ముట్టుకోనివ్వకపోవడం. పొట్ట ఉబ్బి, వాంతులవుతూ, కింద నుంచి గాలి కూడా పోకపోవడం. కామెర్లున్న మనిషి తికమకగా మాట్లాడటం.

వీటన్నిటికన్నా ఎక్కువమందిని తీసుకుపోయే గేసు ఇంకోటుంది, అది అసలు కడుపుదే కాదు. ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్టు, చెమటలు, దవడకో ఎడమ చేతికో వీపుకో పాకే నొప్పి. ఒక్కోసారి నొప్పి కూడా ఉండదు, పొట్ట పైభాగంలో ఏదో ఇబ్బంది, వాంతొచ్చేలా ఉండటం, అంతే. షుగరున్నవాళ్ళకి మరీనూ. సోడా తాగుతాడు, తేన్పొస్తుంది, "పోయింది" అంటాడు. తేన్పు వస్తే గుండెపోటు కాదని ఎక్కడా లేదమ్మా. నడిస్తే వచ్చి, ఆగితే తగ్గే గేసుని కూడా నమ్మకండి. ముందు ఈసీజీ తీయించండి. ఒక్క ఈసీజీ బాగుంటే గుండె కాదని తేలిపోదు, గుండె కాదని డాక్టరు తేల్చాకే గేసని మనమూ ఒప్పుకుందాం.

సరే, ఇంతకీ వీళ్ళెందుకు రారు? మొండితనం అంటాం. నేను చూసినంతవరకు మొండితనం తక్కువ, భయం ఎక్కువ. ఏం చెబుతారోనని భయం. కూలి పోతుందని, అప్పవుతుందని భయం. "కత్తి పెట్టగానే కేన్సర్ పాకిపోయిందట" అని ఎవరో అన్న మాట ఒకటి ఉంటుంది చూశారూ, అది చాలామందిని ఇంట్లోనే కూర్చోబెట్టింది. పరీక్షకి ముక్క తీస్తే పాకుతుందని భయపడి, పరీక్షే మానుకోకూడదు. అప్పటికే పాకిపోయాక వచ్చినవాళ్ళకి ఆపరేషన్ చేసినా బతకలేదు, నింద కత్తి మీద పడింది.

గొట్టం భయం కూడా ఉంది. అది నేను చెబుతాను, మీరు ఇంటికెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పండి. ముందు రోజు రాత్రి తిన్నాక మళ్ళీ ఏమీ తినకూడదు. గొంతు మొద్దుబారడానికి స్ప్రే కొడతారు. ఎడం పక్కకి తిప్పి పడుకోబెడతారు. చిటికెన వేలంత లావు గొట్టం. ఓకరింతలు వస్తాయి, రావని నేను అబద్ధం చెప్పను. ఊపిరి మాత్రం ఆగదు, ఆ గొట్టం వెళ్ళేది అన్నం వెళ్ళే దారిలోనే. ఐదు పది నిమిషాలు పడుతుంది. లోపల చిన్న ముక్క తీసినా నొప్పి తెలియదు. అదే రోజు ఇంటికొచ్చెయ్యొచ్చు. ఇంతే. తెలియని దానికి మనిషి భయపడినంతగా తెలిసినదానికి భయపడడు.

మాట్లాడటం ఎలా? ఆయన తాగొచ్చినప్పుడు వద్దు. అన్నం దగ్గర వద్దు, అసలే దిగటం లేదు. అత్తగారి ముందు, పిల్లల ముందు వద్దు. "నువ్వు పోతే మా గతేంటి" అని మొదలెట్టకండి, ఆయన ఇంకా ముడుచుకుపోతాడు. కేన్సర్ అన్న మాట మీ నోటితో అనకండి, అది మీకూ తెలియదు. "నీకు జబ్బుంది" అంటే "నాకేటీ నేదు" అంటాడు, తెల్లవార్లూ అదే వాదన. చూసింది చెప్పండి. "పండక్కి కొన్న ప్యాంటు జారిపోతోంది, నాకు భయంగా ఉంది." దీనికి "నేదు" అని ఎలా అంటాడు? ప్యాంటు జారుతూనే ఉంది కదా. రోగం గురించి వాదించకండి, రోజు గురించి వాదించండి. "మంగళవారం వెళ్దామా, గురువారమా?" ఆయన గురువారం అంటే మంగళవారం వద్దన్నాడని తగువు పెట్టుకోకండి. గురువారమే ఖాయం చెయ్యండి.

మొదటి అడుగు చిన్నది వెయ్యండి. ఎండోస్కోపీ అనకండి. పీహెచ్‌సీకి వెళ్ళి ముందు రక్తపరీక్ష, బరువు, బీపీ. మగవాడికి హిమోగ్లోబిన్ 13 కన్నా తక్కువుంటే ఆ రక్తం ఎటు పోతోందో వెతకాలి. ఆ కాగితం మీద అంకె చూశాక మీరు చెప్పనక్కర్లేదు, ఆ అంకే చెబుతుంది. ఆయన ఎవరి మాట వింటాడో మీకు తెలుసు. బావమరిది మాటా? హైదరాబాదులో ఉన్న కూతురి మాటా? ఊళ్ళో ఆర్‌ఎంపీ మాటా? ఆర్‌ఎంపీని నేను తిట్టను. "ఇది నా చేతిలో లేదు, శ్రీకాకుళం వెళ్ళు" అని ఆయన ఒక్క మాట అంటే మీ ఆయన కదులుతాడు. వెళ్ళి ఆయన్ని అడగండి, అనిపించండి.

చెయ్యకూడనిది ఒకటి. కూరలో మందు కలపడం. తాగుడు మాన్పించడానికని తెలియకుండా మాత్రలు కలిపి పెడుతున్నారు కొంతమంది. ఆ మాత్ర ఒంట్లో ఉండగా ఆయన తాగితే బీపీ పడిపోతుంది, ప్రాణం మీదకొస్తుంది. ఏదైనా ఆయనకి తెలిసే జరగాలి.

పిల్లల పాత నోటుబుక్కులో చివరి పేజీలు ఖాళీగా ఉంటాయి కదా. అందులో రాయండి. ఏ రోజు వాంతయింది, ఏం తింటే, ఏ రంగు, రాత్రి నిద్రలోంచి నొప్పితో లేచాడా, ఏ మాత్ర వేసుకున్నాడు. రాయడం రాకపోతే పిల్లల చేత రాయించండి. అది పట్టుకుని లోపలికి వెళ్ళండి. ఎవరైనా "నువ్వు బయటుండమ్మా" అంటే, "నేను రెండు మాటలు చెప్పాలండి" అనండి. గట్టిగానే అనండి.

ఇప్పుడు మావయ్యగార్లూ, మీ వంతు. ఇంతసేపూ తల దించుకున్నారు, ఇప్పుడెత్తండి. ఆడవాళ్ళు మీకన్నా ఎక్కువ దాస్తారు. మీరు గేసంటారు, వాళ్ళు అది కూడా అనరు. నెలసరి ఆగిపోయిన ఆవిడకి ఒంట్లో రక్తం తగ్గుతోందంటే ఎందుకు తగ్గుతోంది? ఎప్పుడైనా అడిగారా? రాత్రి పకోడీలు తిన్నాక కుడి డొక్కలో పోటు పుట్టి వీపుకి పాకుతోందంటే పిత్తాశయంలో రాళ్ళేమో. 50 దాటిన ఆవిడకి కొత్తగా, వారాల తరబడి పొట్ట ఉబ్బరంగా ఉండి, రెండు ముద్దలకే నిండిపోతోందంటే అది కడుపుది కాకపోవచ్చు, అండాశయాలు చూడాలి, స్కానింగ్ చెయ్యాలి. అడ్డపొగ తాగే మామ్మలున్నారు ఇక్కడ, నాకు కనబడుతున్నారు. 1960లలోనే పరిశోధకులు మన జిల్లా ఊళ్ళు తిరిగి నోళ్ళు తెరిపించి చూశారు. నిప్పు లోపల పెట్టి పీలిస్తే అంగిలి మీద ఏమొస్తుందో వాళ్ళు ఎప్పుడో రాసిపెట్టారు. మామ్మా, ఒకసారి నోరు చూపించి వెళ్ళు. చుట్ట లాక్కోనులే.

ఎక్కడికెళ్ళాలంటే, ముందు పీహెచ్‌సీ. అక్కణ్ణుంచి శ్రీకాకుళంలో మనం ఇప్పటికీ రిమ్స్ అని పిలిచే సర్వజన ఆసుపత్రి. విజయనగరం వైపు వాళ్ళకి అక్కడి సర్వజన ఆసుపత్రి. పెద్దవాటికి విశాఖలో కేజీహెచ్, కేన్సరని తేలితే అగనంపూడిలో హోమీ భాభా ఆసుపత్రి. కార్డు, ఆధార్ మర్చిపోవద్దు. ఆరోగ్యశ్రీ 2007లో మొదలైనప్పుడు మొదటి మూడు జిల్లాల్లో మన శ్రీకాకుళం ఒకటి. ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవ అంటున్నారు. ఆసుపత్రిలో ఆ పథకం తరఫున ఒక మనిషి కూర్చుంటారు, దేనికి వర్తిస్తుందో దేనికి కాదో ముందే ఆయన్ని అడగండి. దళారులను అడగకండి.

ఏమైనా అడుగుతారా? ఆ ఆకుపచ్చ చీర అమ్మాయి, చెప్పు తల్లీ.

"ఆయన రాడు, నేను వెళ్ళి చెప్పి మందులు తెచ్చుకుంటే చాలదా?" అని అడుగుతోంది. చాలదమ్మా. ఆయన పొట్ట నొక్కి చూడాలి, నీ పొట్ట నొక్కితే ఏం తెలుస్తుంది? కానీ నువ్వు వెళ్ళడం మాత్రం మంచిదే. వెళ్ళి చూసిందంతా చెప్పు. మందు రాయమనకు. "తీసుకొస్తే ఏ రోజు తీసుకురమ్మంటారు, ఖాళీ కడుపుతో రావాలా" అని అడుగు. ఆ కాగితం తీసుకెళ్ళి ఆయన చేతిలో పెట్టు. డాక్టరు రమ్మన్న రోజంటే కొంతమంది వస్తారు, నువ్వు రమ్మన్న రోజంటే రారు. అలాంటివాళ్ళతోనే మనం కాపురం చేస్తున్నాం, ఏం చేస్తాం.

మావయ్యగారు, మీరేదో అంటున్నారు? స్కానింగ్ తీయించారు, అంతా నార్మల్ అన్నారు, కాబట్టి గేసేగా అంటున్నారు. ఎప్పుడు తీయించారు? నిరుడా. పొట్ట మీద జెల్ రాసి తీసే స్కానింగే కదా? మంచి ప్రశ్న ఇది, అందరూ వినండి. ఆ స్కానింగ్‌లో కాలేయం, పిత్తాశయం, కిడ్నీలు బాగా కనబడతాయి. అన్నం గొట్టం లోపల, కడుపు లోపలి పొర, పెద్దపేగు లోపల కనబడవు. పుండు ఉన్నా ఆ స్కానింగ్ నార్మల్ అనే వస్తుంది. మీకింకా మంట ఉందా? ఉంది. బరువు తగ్గారా? తెలియదు. ఆ కిటికీ పక్కన బరువు మిషన్ పెట్టించాను, ఏఎన్‌ఎం గారు రాసుకుంటున్నారు. మీరు ముందు వెళ్ళి నిలబడండి. నిరుటి కాగితం మీద మీ బరువు రాసే ఉంటుంది, అది ఇంటి నుంచి తెప్పించండి. అత్తయ్యగారు ఎక్కడ? ఆఁ, మీరు కూడా రండమ్మా, ఆయన చెప్పనివి మీరు చెబుదురుగాని.